మా మండలంలోని గుట్టలు, వాగులు, కుంటలు ప్రోగ్రామే గుర్తించి, ఏది ఏంటో తెలుగులో రాసిపెట్టగలదా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. ఉపగ్రహాల డేటా ఉచితంగా దొరుకుతోంది కదా, దాంతో ఒక మండలంలోని గుట్టలు, వాగులు, కుంటలన్నీ ప్రోగ్రామ్‌తోనే వెతికించి, ఒక్కోదాని కింద "ఇది ఫలానా" అని రెండు తెలుగు వాక్యాలు కూడా దాంతోనే రాయించొచ్చా? పీజీ ప్రాజెక్టుకి రెండు నెలలు సరిపోతాయా?

మొదటి సగం అవుతుంది. కుదురుగా కూర్చుంటే వారం, పది రోజుల పని. రెండో సగం దగ్గర నేను బోల్తా పడ్డాను, అందుకే జవాబు కాస్త పొడుగవుతోంది.

నాది జీఐఎస్ ఉద్యోగం, అంటే కంప్యూటర్‌లో మ్యాపులు, నేల లెక్కలు చూసే పని. కొన్నేళ్ల కిందట, ఎవరూ అడక్కపోయినా, యాదాద్రి భువనగిరి జిల్లాలోని మా ఊరి చుట్టుపక్కల ఇదే పని పెట్టుకున్నాను. ఎత్తుల కోసం ఎస్‌ఆర్‌టీఎం డేటా దించుకున్నాను. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ 11 రోజులు భూమి చుట్టూ తిరిగి రాడార్‌తో కొలిచిన ఎత్తులవి. నేలంతా చదరపు గడులుగా ఉంటుంది, ఒక్కో గడి దాదాపు 30 మీటర్లు. ఆకారాలు పట్టడానికి గ్రాస్ జీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో జియోమార్ఫాన్ అనే పద్ధతి ఉంది, జాసివిచ్, స్టెపిన్‌స్కీ అనే ఇద్దరు 2013లో ప్రచురించారు. చూడ్డానికి చిన్న ఉపాయమే. ఒక గడిలో నిలబడి ఎనిమిది దిక్కులూ చూడాలి. ఒక్కో దిక్కు మనకంటే ఎత్తా, పల్లమా, సమానమా? అన్ని వైపులా పల్లమే ఉంటే అది శిఖరం. అన్ని వైపులా ఎత్తే ఉంటే గుంట. లెక్క ప్రకారం 6,561 రకాలు రావాలి. తిప్పితే, తిరగేస్తే ఒకేలా ఉండేవాటిని కలిపేస్తే 498 మిగులుతాయి. వాడకంలో వాటినీ 10 ఆకారాలకు కుదించారు.

ఇందులో మీరు కుస్తీ పట్టాల్సింది ఒక్క అంకెతోనే: ఎంత దూరం వరకు చూడాలి. నేను మొదట 3 గడులు, అంటే 90 మీటర్లు పెట్టాను. మాది గ్రానైట్ నేల, ఎటు చూసినా బండలే. డేటాలోని చిన్నచిన్న ఎగుడుదిగుళ్లు కూడా కలిసి, మ్యాప్ నిండా శిఖరాలే మొలిచాయి, తట్టు పోసినట్టు. 50 గడులు పెడితే పెద్ద గుట్టలు చక్కగా వచ్చాయి, ఊరి చిన్న గుట్టలు మాయమయ్యాయి. చివరికి 20 దగ్గర ఆగాను. ఎందుకు 20 అంటే నా దగ్గర శాస్త్రీయమైన జవాబు లేదు, నాకు తెలిసిన గుట్టలు కనబడ్డాయి కాబట్టి ఆగాను. మీ గైడ్ అడిగితే మాత్రం మూడు నాలుగు దూరాలు పోల్చిన పట్టిక చూపించండి.

వాగులు గీయడం ఇంకా తేలిక అనుకుంటాం. నీరు పల్లానికే పోతుంది కదా, ఏ గడిలోకి ఎన్ని గడుల నీళ్లు చేరుతున్నాయో లెక్కేసి, ఒక హద్దు దాటితే వాగు అంటాం. 1,000 గడులు పెడితే దాదాపు 220 ఎకరాల నీళ్లు చేరేచోట గీత మొదలవుతుంది. అంతకంటే చిన్న ఒర్రెలు రావు, పోనీ. అసలు చిక్కు మన గొలుసుకట్టు చెరువులతో. ప్రోగ్రామ్‌కి చెరువు కట్ట అంటే దారికి అడ్డొచ్చిన దిబ్బ. అది కట్టలో తనకు ఎక్కడ తక్కువ ఎత్తు కనిపిస్తే అక్కడి నుంచి నీళ్లను దాటించేస్తుంది. మా పెద్ద చెరువు కింద వాగు కట్ట నడిమధ్యలోంచి పుట్టినట్టు గీసింది. నిజంగా నీళ్లు పొర్లేది ఒక చివరనున్న మత్తడి మీదుగా. మత్తడి ఎక్కడుందో ఎత్తుల డేటాలో కనిపించదు. 14 చెరువుల మత్తళ్లు నేనే ఒక్కోటి వెతికి పెట్టి, అక్కడ ఎత్తు తగ్గించి మళ్లీ నడిపిస్తే గాని గీతలు దారికి రాలేదు.

కుంటలకు సెంటినెల్-2 ఉపగ్రహం బొమ్మలు వాడండి, 10 మీటర్ల గడి. ఆకుపచ్చ బ్యాండ్‌ని, కంటికి కనబడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పోల్చే నీటి సూచిక ఒకటి ఉంది, 1996 నుంచీ వాడుకలో ఉన్నదే. కానీ ఒక్క తేదీ బొమ్మతో సరిపెట్టుకోకండి. నేను మార్చి బొమ్మ తీసుకుంటే సగం కుంటలు లేవు. ఆగస్టుది తీసుకుంటే నాట్లేసిన మళ్లన్నీ కుంటలైపోయాయి. గుర్రపు డెక్క కమ్మిన చెరువేమో ఏ బొమ్మలో చూసినా పచ్చటి పొలమే. కనీసం మూడేళ్లవి, వేర్వేరు నెలలవి కలిపి చూడాలి. అంత ఓపిక లేకపోతే ఐరోపా సంఘం పరిశోధనా కేంద్రం వాళ్లు 1984 నుంచి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల బొమ్మలన్నీ వడపోసి చేసిన ప్రపంచ ఉపరితల జలాల మ్యాప్ ఉంది, అది తెచ్చుకోండి. ఎక్కడ ఏడాదంతా నీళ్లుంటాయో, ఎక్కడ కొన్నాళ్లే ఉంటాయో అందులో విడిగా ఉంటుంది.

ఇదంతా చేసి, పెద్ద కాగితం మీద ప్రింట్ తీసి, ఊరికి పట్టుకెళ్లాను. అరుగు మీద పరిచి మా పెద్దనాయనకు గర్వంగా చూపించాను. ఆయన అద్దాలు పెట్టుకుని, ఊరికి ఉత్తరాన నేను "శిఖరం" అని రాసిన చోట వేలు పెట్టాడు.

"గీడ గుట్టేడుందిరా? క్వారీ వాళ్లు కొట్టుకపోయి ఎన్నేండ్లాయె. ఇప్పుడు గీడ ఉన్నది బొంద."

నిజమే. నా మ్యాప్ 2000 ఫిబ్రవరిలో ఆగిపోయి ఉంది. ఊళ్లో పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి తెలియదా అంటే తెలుసు, స్క్రీన్ ముందు కూర్చుంటే గుర్తు రాలేదు. తర్వాత 2011–2015 మధ్య కొలతలతో తయారైన కోపర్నికస్ 30 మీటర్ల డేటా తెచ్చి, పాతదాంట్లోంచి తీసేస్తే క్వారీలు గుంటలు గుంటలుగా బయటపడ్డాయి. మీరూ చేయండి, ప్రాజెక్టులో ఇదొక్కటే మంచి అధ్యాయం అవుతుంది. ఒక జాగ్రత్త: ఆ రెండు డేటాల్లో ఎత్తును కొలిచే సున్నా మట్టం ఒకటి కాదు. ముందు రెండింటినీ ఒకే మట్టానికి తేవాలి. ఇంకోటి, రెండింట్లోనూ చెట్ల ఎత్తు కొంత కలిసే ఉంటుంది, తాటివనం నరికినా గుట్ట తగ్గినట్టే కనిపించొచ్చు.

అసలు దెబ్బ దాని తర్వాత తగిలింది. పక్కపక్కనే ఉన్న రెండు ఎత్తుల్ని ప్రోగ్రామ్ ఒకే రకం అంది, నేను రెండింటికీ "గుట్ట" అని పెట్టాను. పెద్దనాయన ఒకటి గుట్ట అన్నాడు, రెండోది బండ అన్నాడు. తేడా ఏంటని అడిగితే ఆయన ఎత్తు గురించి మాట్లాడనే లేదు. "గుట్టంటే మీద దేవుడన్న ఉండాలె, మేకలన్న మేయాలె. గా బండ మీద ఏముంది, వడ్లు ఆరబోసుకుంటం" అన్నాడు. ఈ తేడా ఏ ఉపగ్రహానికి చిక్కుతుంది? ఇంకా గమ్మత్తు, మా వైపు గట్టు అంటే పొలం గట్టూ అవుతుంది, కొండా అవుతుంది. రాయలసీమ స్నేహితుడికి నా మ్యాప్ చూపిస్తే, ఒర్రె అంటే ఏంటని అడిగాడు. వాళ్ల ఊళ్లో అలాంటిది వంక.

వాగు సంగతీ అంతే. నీళ్లు లేకుండా ఇసుక మెరుస్తున్నప్పుడూ అది వాగే. వానకు నీళ్లొస్తే "వాగొచ్చింది" అంటాం. అంటే చోటుకీ, వచ్చే నీటికీ ఒకటే మాట. పశ్చిమ ఆస్ట్రేలియాలోని యిండ్జిబార్న్‌డీ ప్రజల దగ్గర డేవిడ్ మార్క్, ఆండ్రూ టర్క్ అనే పరిశోధకులు ఇలాంటి మాటల్నే పట్టించుకున్నారు. అక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉండే దారికి ఒక మాట, అందులో పారే నీటికి ఇంకో మాట. ఇంగ్లిషు మ్యాపుల్లోని "నది" వాళ్ల మాటల్లో ఒక్కదానికీ సరిగ్గా అతకదు. ఈ అధ్యయనానికి ఎత్నోఫిజియోగ్రఫీ అని పేరు పెట్టారు, మీ సాహిత్య సమీక్షకు పనికొస్తుంది.

ఇక వర్ణనలు. నేను కొలతలన్నీ ఒక భాషా నమూనాకు, అంటే చాట్‌బాట్ లాంటి ఏఐకి, ఇచ్చి తెలుగులో రెండు వాక్యాలు రాయమన్నాను. 25 మీటర్ల ఎత్తు కూడా లేని మా వడ్ల బండను "పచ్చని లోయల నడుమ ఠీవిగా నిలిచిన పర్వతం" అంది. మాకు లోయలు లేవు, మే నెలలో పచ్చదనమూ లేదు. అది మానేసి ఖాళీలు నింపే వాక్యాలు రాసుకున్నాను: పేరు, చుట్టూ నేలకంటే ఎంత ఎత్తు, ఏ దిక్కున ఏ చెరువు. చప్పగానే ఉంటాయి కానీ అబద్ధం చెప్పవు. అయితే లోపలి డేటా తప్పైతే ఇవీ తప్పే. స్వీడన్‌కు చెందిన స్వెర్కర్ యోహాన్సన్ నడిపిన ఎల్‌ఎస్‌జేబాట్ అనే ప్రోగ్రామ్ స్వీడిష్, సెబువానో వికీపీడియాల్లో కొండలు, ఏర్ల మీద లక్షల్లో పేజీలు ఇలాగే రాసింది. అది వాడుకున్న జియోనేమ్స్ అనే స్థలాల పేర్ల జాబితాలో ఉన్న పొరపాట్లు కూడా వాటితోపాటే పేజీల్లోకి వెళ్లాయి.

అందుకని పట్టికలో ఆకారానికి ఒక నిలువు వరుస, ఊళ్లో పిలిచే రకానికి వేరే వరుస, పేరుకు ఇంకోటి, ఏ ఏడాది డేటానో మరోటి పెట్టుకోండి. మొదటిది, చివరిది ప్రోగ్రామ్ నింపుతుంది. మధ్యవి ఖాళీగా వదిలేసి ఊరికి వెళ్లండి. అందరూ కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించేటప్పుడు, ఏది ఏ రకమో చెప్పే వాళ్ల ట్యాగుల్లో శిఖరం ఉంది, ఉత్త బండకు ఉంది, కొన్నాళ్లే పారే వాగుకూ ఉంది. మా పెద్దనాయన చెప్పిన అర్థంలో గుట్టకు మాత్రం లేదు, కాబట్టి ఊరి మాటను తెలుగు పేరులోనే ఉంచేయండి, "యాదగిరిగుట్ట"లో ఉన్నట్టు.

రెండు నెలల్లో మూడు వారాలు తిరగడానికి ఉంచుకోండి. ఫోన్‌లో కాదు, కాగితం మీద చూపించండి, పెద్దవాళ్లు వేలు పెట్టి చెబుతారు. సర్పంచ్ కంటే ముందు మేకలు కాసేవాళ్లని, చెరువు నీళ్లు పొలాలకు పంచే నీరటి పని చేసినవాళ్లని అడగండి. మా ఊళ్లో ఒక నీరటి తాత నా మ్యాప్‌లో ఖాళీగా ఉన్న 7 చోట్లకు పేర్లు చెప్పాడు. అందులో ఒక దానికి పక్కనే కూర్చున్న ఇంకో తాత వేరే పేరు చెప్పి గొడవకు దిగాడు. రెండూ రాసుకున్నాను.