ముందు పరీక్ష రాయి, తరువాతే మరమ్మతు

చిరంజీవికి ఆశీస్సులు.

పెట్రోలు ముల్లు మరమ్మతు గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. ముల్లు పావు ట్యాంకు చూపిస్తుండగానే కారు కొమ్మాది దగ్గర ఆగిపోతే, మీ నాన్నగారు డ్యాష్‌బోర్డు అద్దాన్ని వేలితో తట్టి, ముల్లు కదలకపోవడం చూసి, ఏమీ అనకుండా బంకు వైపు నడిచిన ఘట్టం బాగుంది. ఆ వెంటనే, "ముల్లు తప్పు చూపితే మీటరు మార్చేయడమే ఉత్తమం" అని తీర్పు చెప్పేశావు. కొత్త మీటరు వేయించాక కూడా ముల్లు పావు దగ్గరే నిలబడుతోందన్న సంగతిని మాత్రం చివర్లో ఒక్క వాక్యంతో దాటేశావు. నాచేత ఈ ఉత్తరం రాయిస్తున్నది ఆ ఒక్క వాక్యమే. నీ వ్యాసమంతా దాని మీద నిలబడవలసింది.

మరమ్మతు గురించి రాసేవాడు ముందు పరీక్ష రాయాలి, ఆ పరీక్షలో ఏం కనబడిందో రాయాలి, ఆ తరువాతే చికిత్స జోలికి పోవాలి. నాడి చూడకుండా మందు చీటీ రాసే వైద్యుణ్ణి మనం నమ్మం. పరీక్ష లేని మరమ్మతు వ్యాసాన్ని కూడా పాఠకుడు నమ్మనక్కరలేదు.

ముల్లు తనంతట తాను పెట్రోలును చూడదు. ట్యాంకులో తేలే ఫ్లోటు, దాన్ని మోసే సన్నటి తీగ చెయ్యి, ఆ చెయ్యి కదిలినప్పుడల్లా రెసిస్టెన్సు పట్టీ (కరెంటును అడ్డుకునే పట్టీ) మీద జరిగే కాంటాక్టు కలిసి సెండరు అవుతాయి. అది ఎన్ని ఓమ్‌ల రెసిస్టెన్సు చూపిస్తే దాన్ని బట్టి ముల్లు నడుస్తుంది. కనుక తప్పు సెండరులో ఉండవచ్చు, వైరులో ఉండవచ్చు, ఎర్తులో, అంటే సెండరును బాడీకి కలిపే వైరులో ఉండవచ్చు, మీటరులోనూ ఉండవచ్చు. పాత పద్ధతి బండ్లలో సెండరు వైరు ఊడదీసి తాళం తిప్పితే ముల్లు ఒక చివరకు పోవాలి, అదే వైరును బాడీకి తాకిస్తే రెండో చివరకు పోవాలి. ఏ చివర ఖాళీ, ఏ చివర నిండు అన్నది బండిని బట్టి మారుతుంది గనుక, నువ్వు రాసినట్లు అన్ని బండ్లకూ ఒకే సూత్రం చెప్పకూడదు. ముల్లు రెండు వైపులా పూర్తిగా తిరిగితే మీటరూ వైరూ చాలావరకు బాగున్నట్లే, ఇక వెతకవలసింది ట్యాంకు దగ్గర. కొత్త బండ్లలో ఈ సంకేతం కంప్యూటరు గుండా పోతుంది. అక్కడ వైరును నేరుగా బాడీకి తాకించకుండా, సర్వీసు మాన్యువల్‌లో చెప్పిన విలువ గల రెసిస్టరును పెట్టి చూడాలి. ఈ హెచ్చరిక నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

మీ కారు సంగతే తీసుకో. ఫ్లోటుకు చిల్లు పడి లోపలికి పెట్రోలు చేరితే అది మునుగుతుంది, ముల్లు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మీ ముల్లు ఎక్కువ చూపించింది, కాబట్టి చిల్లు కాదు. మీటరు మార్చినా అదే పావు కనబడింది, కాబట్టి పాత మీటరు మీద నేరం మోపడానికి ఆధారం లేదు. సెండరు తీగ చెయ్యి వంగి ఉండవచ్చు, లేదా ఎక్కడో పట్టేసి ఫ్లోటును కిందికి దిగనివ్వకపోవచ్చు. పానా పట్టుకోకుండా, నువ్వు రాసిన రెండు సంగతులతోనే ఇంతదూరం రాగలిగాం.

నేను రాయడం మొదలుపెట్టిన కాలంలో, పత్రికలు నా వ్యాసాలను తిప్పి పంపుతుంటే లోపమేమిటో తెలియక, సాయంత్రాలు గాజువాక ఆటోనగర్ షెడ్లలో నిలబడి పని చూసేవాణ్ణి. ట్యాంకు నిండా ఉన్నా సగమే చూపించే ఒక కారును ఎలక్ట్రీషియన్ బాగుచేయడం అక్కడే చూశాను. అతను సెండరు జోలికి పోలేదు. సెండరు నుంచి వచ్చిన నల్ల వైరుకూ బాడీకీ మధ్య మల్టీమీటరు పెట్టి కొలిచాడు. బోల్టు విప్పి చూస్తే దాని కింద వైరు రింగు చుట్టూ పచ్చటి చిలుము పేరుకుని ఉంది. గరుకు కాగితంతో రింగునూ, బాడీ మీద అది కూర్చునే చోటునూ మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించి, మళ్లీ కొలిచాడు. తాళం తిప్పితే ముల్లు నిదానంగా నిండు గీత దాకా లేచింది. తక్కువ ఓమ్‌లను నిండుగా చూపే బండ్లలో చిలుము అదనంగా చేర్చే రెసిస్టెన్సు లేని వెలితిని చూపిస్తుంది. మన సముద్రపు ఉప్పుగాలికి ఈ జబ్బు త్వరగా వస్తుంది గనుక, విశాఖలో కూర్చుని రాసేవాడు ఎర్తును మరిచిపోవడం నాకు మింగుడు పడలేదు. ముందు కొలవడం, తరువాత రుద్దడం, మళ్లీ కొలవడం: నా రాతకు వరుస నేర్పింది ఆ పనే.

సెండరును బయటికి తీయడం గురించి నువ్వు రాసిన పేరా ప్రమాదకరంగా ఉంది. బ్యాటరీ నెగటివ్ వైరు ముందుగా తీయాలని, పెట్రోలు ఆవిరి గాలికంటే బరువై నేల మీదే పరుచుకుంటుంది గనుక గాలి ఆడే చోటే ట్యాంకు తెరవాలని, దరిదాపుల్లో నిప్పు ఉండకూడదని మొదటి వాక్యంలోనే ఉండాలి. పూర్వం ఒక వారపత్రిక సంపాదకుడు నా వ్యాసంలో సరిగ్గా ఈ వాక్యాన్నే స్థలాభావం పేరుతో కొట్టేసి, అక్కడ మెరిసే కారు బొమ్మ వేశారు. ఆ కోపం నాకు ఈనాటికీ తగ్గలేదు. ఇప్పుడు అందరూ అడుగుతున్న ‘ఐదు చిట్కాలు’ తరహా రాతల్లోనూ మొదట ఎగిరిపోయేది ఇలాంటి వాక్యమే. ఎవరు అడిగినా దాన్ని వదులుకోకు.

సెండరు చేతికి వచ్చాక ఓమ్‌మీటరు తగిలించి దాని తీగ చేతిని నెమ్మదిగా పైకీ కిందికీ కదపాలని రాయి. అంకె సాఫీగా మారితే పట్టీ బాగున్నట్లు. మధ్యలో ఎగిరినా, తెగినా పట్టీ అరిగినట్లు. అలా అరిగితే సెండరు మార్చడం మేలు, తిరిగి బిగించేటప్పుడు కొత్త సీలు రింగు వేయడం తప్పనిసరి.

కలం పేరు గురించి, పారితోషికం గురించి అడిగావు. వాటికంటే ముందు చేయవలసిన పని ఉంది. సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు ముల్లు ఊగిందని రాసి, దాన్ని కూడా లోపాల్లో కలిపేశావు. ఏటవాలులో పెట్రోలు ఒక వైపుకు చేరితే ఫ్లోటు దానితో పాటు కదలడం సహజం, కాబట్టి ఆ మాట తీసెయ్యి. సెండరు సరిచేయించాక, బండిని చదునైన చోట నిలిపి, దాదాపు ఖాళీ అయిన ట్యాంకులో 5 లీటర్ల చొప్పున పోయిస్తూ ప్రతిసారీ ముల్లు ఎక్కడ ఆగిందో రాసుకో. ట్యాంకు అడుగున ఒక వెడల్పు, పైన ఒక వెడల్పు ఉండే బండ్లలో ముల్లు సమానమైన అంగలు వేయదు. అది కూడా ఉన్నదున్నట్లు నమోదు చెయ్యి. తిరగరాసిన వ్యాసంతో పాటు ఆ అంకెలను కూడా నాకు పంపు.

ఆశీస్సులతో,
విశాఖపట్నం