మనలాంటివాళ్ళు ‘బాగుంది’ అంటేనే రాయాలనిపించడం బలహీనతేనా?

కథలు రాస్తున్నా ఇంట్లో ఎవరికీ పట్టదని, సాటి రాసేవాళ్ళు మెచ్చుకుంటే తప్ప కలం కదలడం లేదని, ఇది బలహీనతేనా అని అడిగారు. కానే కాదు.

1921 నవంబరులో మన హైదరాబాదులోనే, వివేకవర్ధిని థియేటర్లో, మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగింది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలను జనం బుద్ధిగా విన్నారు. వకీలు ఆలంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మొదలుపెట్టారో లేదో, గేలి చేశారు. ఆయన ఒక్కరే ఇంటికెళ్ళి పడుకునుంటే ఆ అవమానం అక్కడితో సరి. కానీ అదే మంట రగిలినవాళ్ళు ఆ రాత్రే టేకుమాల రంగారావు గారింట్లో కూర్చున్నారు. అలా పుట్టిందే నిజాం రాజ్యంలో తెలుగు కోసం పనిచేసిన ఆంధ్ర జనసంఘం. 1930లో జోగిపేట ఆంధ్ర మహాసభకు దారి పడింది అక్కణ్ణుంచే.

తోడు చాలామంది అక్కర్లేదు. 1950ల్లో సొలొమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో గీతల పొడవు పోల్చమని పరీక్షలు పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా కావాలని తప్పు చెబితే, మూడోవంతుకు పైగా జవాబుల్లో, సంగతి తెలియకుండా పరీక్షకు వచ్చిన మనిషీ ఆ తప్పే ఒప్పుకున్నాడు. పక్కన ఒక్కరు నిజం చెప్పేసరికి ఆ లొంగుబాటు అంతకుముందున్న దాంట్లో పావువంతుకు పడిపోయింది.

కాబట్టి ఆ తోడును వాట్సాప్ గ్రూపుల్లో వెతక్కండి. అక్కడ కథ తెరవకుండానే దండాల బొమ్మలు పడతాయి, అది రాసేవాళ్ళకు చేసే ద్రోహం. ఐదారుగురు చాలు. పది దాటితే ఇద్దరే మాట్లాడతారు. బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదికలాంటి చోట నెలకో ఆదివారం కూర్చోండి. ఇరానీ హోటలైతే రెండో చాయ్ తర్వాత బల్ల ఖాళీ చెయ్యమన్నట్టు చూస్తారు.

కథ ప్రింటు తీసి తలా ఒకటివ్వండి. మీరు చదవద్దు, ఇంకొకరి చేత పైకి చదివించండి. వాళ్ళ నాలుక తడబడిన చోటల్లా పెన్సిలుతో గీత పెట్టుకోండి, అక్కడ వాక్యం సరిగ్గా కుదరలేదన్నమాట. తర్వాత పావుగంట మీరు నోరు విప్పకూడదు. సంజాయిషీ మొదలైతే ఎదుటివాళ్ళు మొహమాటంలో పడి అసలు మాట మింగేస్తారు. ‘బాగుంది’ అన్నవాళ్ళు ఏ వాక్యమో వేలుపెట్టి చూపించాలి, చూపించలేకపోతే ఆ మెప్పు లెక్కలోకి రాదు.

అందరూ ఒకే అభిప్రాయంవాళ్ళయితే నెలనెలా ఆ అభిప్రాయమే ముదురుతుంది, కథ వెనకబడుతుంది. రాత మీద ప్రేముండి, మీ రాజకీయాలతో మాత్రం పడనివాళ్ళను ఒక్కరినైనా కలుపుకోండి.

లేచే ముందు వచ్చే నెల ఎవరి కథో తేల్చుకోండి. తేల్చకపోతే రెండో నెలకే ఫోన్లు ఎత్తడం మానేస్తారు.