హీరోకి పవర్స్ వచ్చాక నేర్చుకునే భాగం తీసెయ్యాలా? వద్దు, ఆపడం నేర్పించండి

మీ ప్రశ్న మొత్తం చదివాను. తిరుపతి పూల మార్కెట్లో పనిచేసే కుర్రాడికి ఉన్నట్టుండి చేతుల్లోంచి గాలి పుట్టే శక్తి వస్తుంది, వాడు దాన్ని నేర్చుకునేది రెండు చాప్టర్లు రాశారు, చదివేవాళ్ళు సరిగ్గా అక్కడే ఆపేస్తున్నారు, ఫ్రెండ్సేమో అదంతా కొట్టేసి ఒక పాటలో లాగించెయ్ అంటున్నారు, ఏం చెయ్యాలి అని అడిగారు.

తీసెయ్యొద్దు. నాకైతే ఆ రెండు చాప్టర్లే అసలు కథ. కాకపోతే మీరు పెట్టిన పేరాల్లో మీ హీరో ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా గాలి వదలడమే నేర్చుకుంటున్నాడు, మొదట బుట్ట ఎగిరింది, తర్వాత తోపుడు బండి కదిలింది, తర్వాత గోడ కూలింది, రెండోది చదివేసరికే మూడోది ఏంటో తెలిసిపోతోంది. బలం పెరిగే లెక్క ఎవరికీ గుర్తుండదండి. వాడు వదిలినదాన్ని వెనక్కి తీసుకోగలడా లేదా అన్నది రాయండి, అప్పుడు ఎవరూ మధ్యలో వదలరు.

ఇది నాకు ఎక్కడ తెలిసిందో చెప్తా. మాది చిత్తూరు దగ్గర పల్లె. మా తట్టు ఎండాకాలంలో ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెడతారు, మధ్యాహ్నం హరికథ, రాత్రంతా వీధి నాటకం, చివర్న దుర్యోధన వధ, అగ్నిగుండం. అందులో అందరూ కాచుకోనుండేది అర్జున తపస్సు. ఇంత పొడుగు మాను నాటి దానికి మెట్లు కొడతారు, అర్జునుడి వేషం కట్టినాయన ఒక్కో మెట్టుకి ఒక్కో పద్యం పాడుకుంటా పైకెక్కుతాడు, కింద పిల్లల్లేని ఆడవాళ్ళు తడిబట్టల్తో సాష్టాంగం పడి ఉంటారు, పైన్నుంచి ఆయన నిమ్మకాయలు, పూలు, విభూతి విసురుతాడు. మా మామ ఒకరు చాలా ఏళ్ళు ఆ వేషం కట్టారు. చిన్నప్పుడు నేను ఆయన్ని అడిగేదొకటే, పైకెక్కినాక పాశుపతం వచ్చేసింది కదా మామా, మళ్ళీ దాన్ని యాడ వేస్తావు అని. "రేపు మద్దేన్నం కతకు పోయి కూచో, అయ్యోరు చెప్తాడు" అనేవారు.

మరుసటి రోజు హరికథలో విన్నది ఇప్పటికీ నాతోనే ఉంది. శివుడు అర్జునుడికి పాశుపతం ఊరికే చేతిలో పెట్టి పోలేదు, ప్రయోగించే రహస్యంతో పాటు వెనక్కి మళ్ళించేది కూడా నేర్పించాడు. ఆ తర్వాత అర్జునుడు స్వర్గానికి పోయి ఇంకా బోలెడు అస్త్రాలు తెచ్చుకుని తిరిగొస్తే అన్నదమ్ములు ఏమిటవి మాకూ చూపించు అంటారు, ఈయన సరేనని మొదలుపెడతాడు, అంతే భూమి అదురుతుంది, నదులూ సముద్రమూ అల్లకల్లోలం, సూర్యుడు మసకబారతాడు, చివరికి నారదుడు వచ్చి ఆపు నాయనా, లక్ష్యం లేకుండా వీటిని వదలకూడదు అని ఆపాల్సి వస్తుంది. ఆలోచించండి, అప్పటికే అన్నీ నేర్చుకున్నవాడు, ఇంట్లోవాళ్ళు సరదాగా అడిగితే చూపించబోయాడు, అంత పనైంది. మీ కుర్రాడిక్కూడా అట్లాంటి సీన్ ఒకటి ఉంటే ఎంత బాగుంటుందో చూడండి, మార్కెట్లో తోటి కుర్రాళ్ళు ఏదీ ఒకసారి చూపించరా అని అడగడం, వీడు ఆశపడడం.

అదే భారతంలో రెండోవైపు అశ్వత్థామ. యుద్ధం అయిపోయాక, గడ్డిపరక మీద బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని మంత్రించి పాండవుల మీదకి వదుల్తాడు, అర్జునుడూ అదే వదుల్తాడు, లోకాలు కాలిపోతాయని వ్యాసుడూ నారదుడూ రెండింటి మధ్యలోకొచ్చి నిలబడి ఇద్దర్నీ వెనక్కి తీసుకోమంటారు. అర్జునుడు తీసుకోగలిగాడు. అశ్వత్థామకి చేతకాలేదు, ఎక్కడో ఒకచోట పడాల్సిందే కాబట్టి ఉత్తర కడుపులో బిడ్డ మీదకి మళ్ళించాడు. ఇద్దరికీ గురువు ద్రోణుడే, అస్త్రమూ ఒకటే. ఒకడు హీరో, ఇంకొకడు కాదు అని తేల్చింది వెనక్కి తీసుకోవడం ఒక్కటే. ఉత్తర అక్కడ యుద్ధంలో లేనే లేదు, ఎవరితోనూ తగాదా లేని మనిషి. అదుపు తప్పిన శక్తికి లెక్క చెల్లించేది ఎప్పుడూ అట్లాంటివాళ్ళే, మీ కథలో కూడా ఆ మనిషి ఎవరో ముందే తేల్చుకోండి.

రామాయణంలో చూసినా అంతే, బాలకాండలో విశ్వామిత్రుడు అస్త్రాలన్నీ ఇచ్చాక రాముడు సంతోషించి ఊరుకోలేదు, వీటి ఉపసంహారం, అంటే వెనక్కి తీసుకునేది కూడా చెప్పండి స్వామీ అని తనంతట తానే అడుగుతాడు. ఎవరూ గుర్తుచెయ్యకుండా అడిగాడు చూడండి, ఆ ఒక్క ప్రశ్నతో పిల్లోడు ఎట్లాంటివాడో తెలిసిపోతుంది. ఇక హనుమంతుడి సంగతి మన తిరుపతోళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, 2021 శ్రీరామనవమి నాడు టీటీడీ వాళ్ళు తిరుమలలోని అంజనాద్రే ఆయన పుట్టినచోటని ప్రకటించారు కదా. చిన్నప్పుడు ఆశ్రమాల్లో మునుల సామాన్లు విరగ్గొట్టి అల్లరి చేస్తుంటే, వాళ్ళు శక్తిని తీసెయ్యలేదు, ఎవరైనా గుర్తుచేసేదాకా నీ బలం నీకు తెలీకుండా పోతుందని శపించారు. జాంబవంతుడు సముద్రం ఒడ్డున గుర్తుచేసేసరికి ఆయన అల్లరి పిల్లాడు కాదు, ఆ బలంతో ఏం చెయ్యాలో తెలిసినవాడు.

ఇదంతా వినడం వేరే, ఒంటికి తెలియడం వేరే. నాకు ఒంటికి తెలిసింది కర్రసాములో. ఊళ్ళో ఒక పెద్దాయన మాలాంటి పిల్లోళ్ళందర్నీ చేర్చి సాయంత్రాలు నేర్పేవారు. మొదట్లో అడుగులే, తర్వాత కర్ర తిప్పడం, అదీ వచ్చేస్తుంది, కర్ర గుయ్యిమని శబ్దం చేస్తుంటే లోకం మనదే అనిపిస్తుంది. ఆయన అప్పుడు ఎదురుగా ఇంకో పిల్లోడ్ని నిలబెట్టి, నెత్తి మీదకి ఎంత గట్టిగా దించగలవో అంత గట్టిగా దించు, జానెడు పైన ఆగాల అనేవారు. ఆ ఆపడం చేతిలో లేదండి, వెనక కాలి మడమలో ఉంది, మణికట్టు బిగిస్తే కర్ర ఆగుతుంది గానీ ఆ వేగమంతా మోచేతిలోకి వచ్చి పడుతుంది, భుజం దాకా జివ్వుమంటుంది, కాలు నేలకి తన్నిపెట్టి నడుము కిందకి దించితేనే అది ఒళ్ళంతా పంచుకుని నేలలోకి పోతుంది. ఎదురుగా ఉన్నోడు కళ్ళు గట్టిగా మూసుకుని ఉంటాడు, వాడి రెప్పలు వణకడం కనిపిస్తుంది. అప్పుడు ఆయన కర్ర నా చేతిలోంచి తీసి వాడికిచ్చి నన్ను నిలబెట్టేవారు. "కొట్టేది తర్వాతరా అబ్బోడా, ముందు ఆపు" అని ఇద్దరికీ ఒకటే మాట. రెండు వైపులా నిలబడినాక కర్ర పట్టుకునే తీరే మారిపోయింది.

అందుకే కొత్త కథల్లో కూడా నాకు పట్టేది ఆ ముక్కే. మా అక్క కొడుకు పక్కన కూర్చోబెట్టుకుని నాకు అనిమేలన్నీ చూపించాడు. నరుటోలో హీరో రాసెంగన్ నేర్చుకునేది చూశారా, అంటే అరచేతిలో శక్తిని సుడి తిప్పి బంతిలా నిలబెట్టే విద్య, గురువు జిరాయా మూడు దశల్లో నేర్పిస్తాడు, మొదట నీళ్ళ బెలూన్ పగలగొట్టడం, తర్వాత రబ్బరు బంతి పగలగొట్టడం, మూడోది ఇంకా గట్టిది ఏదో పగలగొట్టడం అనుకుంటాం, కాదు, మామూలు గాలి బెలూన్ ఇచ్చి లోపల అంత సుడి తిప్పుతూ అది పగలకుండా ఉంచు అంటాడు. చివరి పరీక్ష అదీ. బలం పెంచి పెంచి చివర్లో ఒక్కసారి దిశ మార్చేశాడు రచయిత, అక్కడ నేను ముందుకి జరిగి కూర్చున్నా.

మై హీరో అకాడెమియా అని ఇంకో అనిమే, అందులో కొత్తగా శక్తి వచ్చిన డెకు అనే కుర్రాడి కథ ఇంకా కష్టం. హీరోల స్కూల్ ప్రవేశ పరీక్షలో ఒక అమ్మాయిని కాపాడ్డానికి పెద్ద రోబోని ఒక్క గుద్దు గుద్దుతాడు, రోబో పోతుంది, వీడి చెయ్యీ రెండు కాళ్ళూ విరుగుతాయి. చాలా కాలం వాడికి వాడితే పూర్తిగా వాడడం, లేదంటే అసలు వాడకపోవడం, మధ్యలో ఏమీ లేదు. గ్రాన్ టొరీనో అనే ముసలాయన దగ్గరికి పోయినప్పుడు, తైయాకీ అని చేప ఆకారంలో ఉండే తీపి రొట్టెని మైక్రోవేవ్‌లో వేడి చేస్తాడు, ప్లేటు పెద్దదైపోయి తిరక్క ఒకచోట కాలి ఒకచోట చల్లగా ఉండిపోతుంది, అది చూసి వాడికి వెలుగుతుంది, నేనూ ఇట్లాగే శక్తినంతా ఒక్క చేతిలోకే పంపిస్తున్నా, ఒళ్ళంతా సమానంగా పంచాలి అని. పంచాక వాడు మోయగలిగింది 5 శాతం. ఆ 5 శాతం దగ్గర నేను ఎంత సంతోషపడ్డానో రోబోని కొట్టినప్పుడు పడలేదు. కర్రసాము నేర్చుకున్నవాళ్ళెవరైనా ఆ ఎపిసోడ్ చూస్తే వాళ్ళ మడమకి గుర్తొస్తుంది.

అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్ 2005లో మొదలైన సిరీస్, పిల్లల కార్టూన్ అని వదిలెయ్యకండి. అందులో హీరో ఆంగ్ అనే పిల్లాడు, వాడికి అగ్ని నేర్పే గురువు ఒక ఆకు ఇచ్చి, మధ్యలో నిప్పంటించి, ఇది అంచుకి పాకకుండా చూసుకో, అదే నీ పాఠం అంటాడు. పిల్లాడికి విసుగు, ఆకు పక్కనపెట్టి మంటలు విసిరి ఆడుకుంటాడు, పక్కనే ఉన్న స్నేహితురాలు కటారా చేతులు కాలతాయి. ఆ తర్వాత వాడు నిప్పు జోలికే పోనంటాడు, ఆ భయం పోవడానికి మూడో సీజన్ దాకా పడుతుంది. ఇక్కడ రచయితలు చేసిన మంచి పని అదే, దెబ్బ తగిలిన మరుసటి ఎపిసోడ్‌లో అంతా మామూలు చెయ్యలేదు.

ఇక మీ ఫ్రెండ్స్ స్పైడర్‌మ్యాన్ సంగతి ఎత్తొచ్చు, 1962లో వచ్చిన మొదటి కామిక్ కథ మొత్తం 11 పేజీలే, గోడ ఎక్కడం అదీ చకచకా అయిపోతుంది కదా అని. నిజమే, 2002 సినిమాలో కూడా క్యాంటీన్‌లో ట్రేకి దారం అంటుకోవడం, మేడ మీద వేళ్ళు రకరకాలుగా పెట్టి ప్రయత్నించడం, ఊగబోయి గోడకి కొట్టుకోవడం, సరదాగా తొందరగా అయిపోతాయి. కానీ ఆ కథ అసలు బరువు ఎక్కడ పెట్టిందో చూడండి, పక్కనుంచే పరిగెత్తే దొంగని పట్టుకోగలిగీ నాకెందుకులే అని వదిలేస్తాడు, వాడే తర్వాత బాబాయిని చంపుతాడు. ఎప్పుడు ఆపాలి అన్నదానికి అవతలి సగం ఎప్పుడు ఆగకూడదు అన్నది. కాబట్టి చేతుల విద్య మీరు పాటలో లాగించినా పర్వాలేదు, ఈ రెండిట్లో ఒక్కటైనా ఉండితీరాలి.

మన దగ్గర 2024లో వచ్చిన హనుమాన్ నాకిష్టమైన సినిమా, థియేటర్లో పిల్లలు కుర్చీల మీద నిలబడ్డారు. కాకపోతే అక్కడ హీరోకి దొరికిన మణి మీద ఎండ పడితేనే శక్తి, ఎండ పోతే శక్తీ పోతుంది, ఆపే పని సూర్యుడే చూసుకుంటాడు, హీరో నేర్చుకోవాల్సింది తక్కువ. మీరు ఆ దారి తీసుకోకండి. దానికంటే 2021 మలయాళం మిన్నల్ మురళి చూడండి, ఒకే రాత్రి పిడుగు ఇద్దరి మీద పడుతుంది, దర్జీ పని చేసే జైసన్‌కి పక్కన కామిక్స్ చదివే చిన్న మేనల్లుడు ఉంటాడు, మామా ఇది చెయ్యి అది చెయ్యి అని పరీక్షలు పెడతాడు, షిబుకి అట్లా చెప్పేవాళ్ళు ఒక్కరు కూడా లేరు, ఊరంతా పిచ్చోడంటుంది. పిడుగు ఒకటే, ఇద్దరి దారులూ విడిపోయింది పక్కన మనిషి ఉండడం లేకపోవడం దగ్గర. మీ రెండు చాప్టర్లలో మీ కుర్రాడు ఒంటరిగా మేడ మీద ప్రాక్టీస్ చేస్తున్నాడు, అక్కడ ఒక మనిషిని దించండి, ఆ మనిషికి దెబ్బ తగిలే వీలుండాలి, వద్దు అని చెప్పే ధైర్యమూ ఉండాలి.

నన్నడిగితే మీ కథలో గోడ కూలే సీన్ తీసేసి ఇది పెట్టండి. వాడు పూల మార్కెట్ కుర్రాడు కదా, అలిపిరికి పూలు వెయ్యడానికి పోతాడు. మెట్ల దారిలో ఆడవాళ్ళు మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టి కర్పూరం వెలిగిస్తూ పోతుంటారు, మీరూ చూసే ఉంటారు, ఎండైనా వానైనా నడుం వంచి ఒక్కో మెట్టుకీ వంగుతూనే ఉంటారు. వాళ్ళమ్మ మొక్కు ఉందనుకోండి, కొడుక్కి ఏదో అయింది, బాగుపడితే అన్ని మెట్లకీ కర్పూరం వెలిగిస్తానని. వాడు పక్కన నడవాలి. భయపడితే, కోపమొస్తే, ఆఖరికి తుమ్మొచ్చినా చేతుల్లోంచి గాలి కొడుతుంది, కర్పూరం ఆరిపోతుంది, ఆమె మళ్ళీ వంగి వెలిగిస్తుంది, ఎందుకు ఆరిందో ఆమెకి తెలుసో లేదో మీరు తేల్చుకోండి. దారిలో ఎవడో ఆమెని తోసేసి పోతాడు, వీడి ఒళ్ళు మండుతుంది, చేతులు బిగిసిపోతాయి. అప్పుడు వాడు ఏం చేస్తాడు, ఆ గాలి ఎక్కడికి పోతుంది, ఒంట్లో ఎక్కడ నొప్పి పుడుతుంది, అది పేజీ నిండా రాయండి, అక్షరం తగ్గించొద్దు. దారిలో గాలిగోపురం కూడా ఉంది, వాడు తెచ్చుకున్న గాలి అంతా వదిలెయ్యడానికి అంతకంటే మంచి చోటు దొరకదు, అక్కడ ఒక్కసారి వదలనివ్వండి, కిందికి చూస్తూ, ఎవరూ లేనివైపు.

ఈ సీన్‌లో వాడు ఏమీ కూల్చడు, అయినా గోడ కూల్చినదానికంటే వాడి శక్తి ఎక్కువగా తెలుస్తుంది. రాశాక మీ ఫ్రెండ్స్‌కి మొత్తం కథ ఇవ్వకుండా ఈ చాప్టర్ ఒక్కటే ఇచ్చి చదివించండి, పాట పెట్టమంటారో లేదో అప్పుడు చూద్దాం. ఇక్కడ కూడా పెట్టండి, నేను తప్పకుండా చదివి చెప్తా.