వేరే కంపెనీ అబట్‌మెంట్ పెట్టించుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, ఏడేళ్ల కింద దవడ పన్నుకి ఇంప్లాంట్ వేయించుకున్నానండి. ఈమధ్య నమిలేటప్పుడు క్యాప్ కదులుతోంది. పాత క్లినిక్ మూసేశారు. ఇప్పుడు చూస్తున్న డాక్టరేమో ఆ కంపెనీ పార్ట్ దొరకట్లేదు, అబట్‌మెంట్, అదే ఇంప్లాంట్‌కీ క్యాప్‌కీ మధ్య ఉండే ముక్క, వేరే కంపెనీది వేద్దాం, సరిపోతుంది అంటున్నారు. వేయించుకోమంటారా?

జవాబు: తొందరపడకండి. క్యాప్ కదులుతోందంటే చాలాసార్లు లోపలి స్క్రూ లూజయ్యిందనే అర్థం, అబట్‌మెంట్ బాగుంటే కొత్త స్క్రూ వేసి బిగిస్తే సరిపోవచ్చు. అసలు ఇంప్లాంటే, అంటే ఎముకలో దింపిన భాగమే, కదులుతుంటే మాత్రం అది వేరే సమస్య, ముందు అది తేల్చుకోండి. అప్పటిదాకా ఆ వైపు నమలొద్దు.

ఇక సరిపోతుందా అన్నదానికొస్తే, 1965లో స్వీడన్ డాక్టర్ బ్రోనెమార్క్ మొదటి పేషెంటుకి ఇంప్లాంట్ పెట్టిన కాలం నుంచి వచ్చిన పాత డిజైన్‌లో ఇంప్లాంట్ తల మీద 0.7 మిల్లీమీటర్ల ఎత్తు ఆరు పలకల దిమ్మ ఉంటుంది, దాన్ని చాలా కంపెనీలు అనుసరించాయి కాబట్టి అక్కడ ఒకరిది ఒకరికి కూర్చోవడం కొంత మామూలే. తర్వాత వచ్చినవాటిలో చాలా లోపలికి కోన్‌లా దిగేవి, స్ట్రామన్ కంపెనీ టిష్యూ లెవెల్ మోడల్‌లో ఆ వాలు 8 డిగ్రీలు, ఆస్ట్రా కంపెనీదాంట్లో 11 డిగ్రీలు, రెండూ కోన్‌లే కానీ ఒకదానిది ఇంకోదానికి పనికిరాదు. ఒకే కంపెనీలో కూడా సైజు మారితే పార్ట్ మారొచ్చు.

చేత్తో పెడితే బిగుతుగా కూర్చున్నట్టే ఉంటుందండీ, అక్కడే మోసపోతాం. తేడా మైక్రాన్లలో, అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతుల్లో ఉంటుంది, ఎక్స్‌రేలో కూడా ఒక్కోసారి దొరకదు. స్క్రూని చాలా సిస్టమ్స్‌లో 35 న్యూటన్ సెంటీమీటర్ల (తిప్పే బలానికి కొలత) దాకా బిగిస్తాం, అప్పుడది సన్నగా సాగి రెండు భాగాల్నీ పట్టి ఉంచుతుంది, ఆ రెండూ సరిగ్గా ఆనకపోతే నములుతుంటే నములుతుంటే ఆ పట్టు సడలిపోతుంది, సందులో బ్యాక్టీరియా చేరుతుంది. నాకు ఎక్కువ భయం ఇంకోటి, ఇంప్లాంట్ లోపలి అంచే అరిగిపోవడం. అబట్‌మెంట్‌నైతే మార్చొచ్చు, ఎముకలో అతుక్కున్న ఇంప్లాంట్‌ని తీయాలంటే ఒక్కోసారి ఎముక కొయ్యాల్సి వస్తుంది.

అందుకని పాత బిల్లు, ఇంప్లాంట్ కార్డు, దానిమీద స్టిక్కర్ ఉన్నాయేమో ఇంట్లో వెతకండి, లేకపోతే ఎక్స్‌రేలో ఆకారం చూసి మోడల్ గుర్తుపట్టే ప్రయత్నం చేయొచ్చు. ఒరిజినల్ పార్ట్ కోసం, ఆ వైపు నమలకుండా, కొన్నాళ్లు ఆగడం మేలు. నిజంగా రాదని తేలితే, మీ మోడల్, మీ సైజు పేరు పెట్టి దీనికి సరిపోతుందని తయారీదారు రాసిచ్చిన పార్టే వేయమనండి, దాంతోపాటు వచ్చిన స్క్రూనే వాడమనండి, బిగించాక ఎక్స్‌రే తీయించి పార్ట్ పేరు, నంబర్ మీ ఫైల్లో రాయించుకోండి.