సముద్రమే వేడెక్కుతుంటే చేపల చదువెందుకు?

ప్రశ్న: సార్, మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఐదెకరాల్లో శనక్కాయ వేస్తాం. మా పాప ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. నీట్ వద్దంటోంది. ఫిషరీస్ సైన్స్ గానీ మెరైన్ బయాలజీ గానీ చదువుతానని పట్టు పట్టింది. సముద్రం వేడెక్కి చేపలు తగ్గిపోతున్నాయని ఫోన్లో రోజూ వీడియోలు వస్తున్నాయి. పైగా మా ఇంట్లో ఎవరూ సముద్రం మొహం చూసినవాళ్ళు కాదు. బంధువులేమో 'చేపల బుట్ట మోయిస్తావా' అని ఎగతాళి. ఏం చేయమంటారు?

జవాబు: బంధువుల సంగతి ముందే తేల్చేద్దాం. ఆదివారం పొద్దున చేపల మార్కెట్లో అందరికంటే ముందు సంచి పట్టుకుని నిలబడేది వాళ్ళే అయ్యుంటారు. ఆ మాట వదిలేయండి.

మీ భయాన్ని మాత్రం అలా కొట్టిపారేయలేను. బొగ్గు, పెట్రోలు తగలబెట్టడం వల్ల భూమ్మీద పోగవుతున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే మింగుతున్నాయి. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. చేప తనకు నప్పే నీళ్ళు వెతుక్కుంటూ చోటు మారుతుంది. కేరళవాళ్ళు ప్రాణం పెట్టే మత్తి చేపనే చూడండి, మన కోస్తాలో నూనె కవళ్ళు అంటారు. ఒకప్పుడు అది ఎక్కువగా మలబారు తీరంలోనే దొరికేది. 1980ల తర్వాత ఉత్తరానికీ, ఇటు బంగాళాఖాతం వైపుకీ పాకింది. సొంత ఊళ్ళో దాని పరిస్థితేమిటంటే, 2012లో కేరళలో దాదాపు 4 లక్షల టన్నులు పడింది, 2021కి వచ్చేసరికి మూడున్నర వేల టన్నులు కూడా లేదు. పసిఫిక్ సముద్రం వేడెక్కి ఇక్కడి వాతావరణాన్నీ తారుమారు చేసే ఎల్ నినో దెబ్బ ఒకటి, పిల్ల చేపల్ని కూడా ఊడ్చేసిన వేట ఇంకొకటి. ఆ తర్వాత మళ్ళీ కోలుకుంది. ఎప్పుడు ఎక్కడ ఎంత పడుతుందో తాతల నాటి అనుభవంతో చెప్పే రోజులు పోతున్నాయని దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. వాన మొహం చాటేసిన సంవత్సరం మీ మండలంలో వ్యవసాయాధికారికి పని తగ్గుతుందా? ఆ ఏడే కదా ఆయన ఫోన్ ఆగకుండా మోగుతూ ఉంటుంది! చేపల విషయమూ ఇంతే. వేటకు వెళ్ళే కుటుంబాల బతుకు కష్టమవుతోంది, దాచను. కానీ మీ పాప పడవ ఎక్కి వల వేయబోవడం లేదు. చేప ఎందుకు చోటు మారింది, ఏ రోగం ఎప్పుడు వస్తుంది, ఏ నెల వేట ఆపాలి అని తేల్చేవాళ్ళ పని నేర్చుకోబోతోంది. ఆ పని పెరిగేదే గానీ తగ్గేది కాదు.

సముద్రం దగ్గర లేమన్న బాధ కూడా వద్దు. ఉపగ్రహాలు పంపే సముద్రపు వేడి, నీటి పచ్చదనం లెక్కలు చూసి, ఏ వైపు వెళ్తే చేపలు దొరికే అవకాశముందో మత్స్యకారులకు చెప్పే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్. సునామీ హెచ్చరికలూ అక్కడి నుంచే వెళ్తాయి. అది ఉన్నది విశాఖలో కాదు, హైదరాబాద్‌లో. అయినా సముద్రం మనకు దూరమని ఎవరన్నారు? 2021 నవంబర్‌లో రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. ఆ వాన తెచ్చింది బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండమే.

పని ఎలా ఉంటుందో చెప్తాను. కిందటేడు నెల్లూరు వైపు ఒక వనామీ రొయ్యల చెరువు దగ్గర ఒక రాత్రి ఉన్నాను. మా బంధువుల కుర్రాడు అక్కడ టెక్నీషియన్, బీఎఫ్ఎస్సీ, అంటే ఫిషరీస్ సైన్స్ డిగ్రీ చదివాడు. తెల్లవారుజామున మూడున్నరకు లేచి టార్చి పట్టుకుని గట్టు మీదికి వెళ్ళాడు. మీటరు తీగ నీళ్ళలోకి దించాడు. 3.1 చూపించింది. లీటరుకు నాలుగైదు మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలట. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదీ పీల్చుకుంటుంది, అందుకే తెల్లవారే ముందు బాగా పడిపోతుంది. అప్పటికే కొన్ని రొయ్యలు గట్టువారకు వచ్చి పైపైన తేలుతున్నాయి. ఆ టైంకే కరెంటు పోయింది. కుర్రాడు ఒక్క మాట మాట్లాడకుండా జనరేటర్ దగ్గరికి పరుగెత్తాడు. నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిరగడం మొదలయ్యాకే టీ అడిగాడు. ఎండలు ముదిరేకొద్దీ ఇలాంటి రాత్రులు ఎక్కువవుతున్నాయన్నాడు. మీ పాపకు ఈ కథ చదివి వినిపించండి. 'అబ్బ, మూడున్నరకా' అంటే ఒకటి, 'మీటరు ఎలా పనిచేస్తుంది' అని అడిగితే ఇంకొకటి.

ఇక కోర్సుల మాట. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. బీఎఫ్ఎస్సీ నాలుగేళ్ళ వృత్తి డిగ్రీ. ఏపీ ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకుతో సీటు వస్తుంది. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల చాలా ఏళ్ళ నుంచి ఉంది. ఇది చదివితే ఏపీపీఎస్సీ వేసే ఫిషరీస్ డెవలప్‌మెంట్ ఆఫీసర్ పోస్టులకూ, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్షకూ అర్హత ఉంటుంది. మెరైన్ బయాలజీ మామూలు బీఎస్సీగా చదివితే అక్కడితో ఉద్యోగం రాదు, పీజీ, ఆపైన పీహెచ్‌డీ దాకా వెళ్ళే ఓపిక, ఇంట్లో అంతకాలం ఆగే స్థోమత ఉండాలి. మీ పరిస్థితికి నా ఓటు బీఎఫ్ఎస్సీకే. తర్వాత పరిశోధన మీద మనసు పోతే ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఫే లాంటి చోట పీజీ చేయొచ్చు. అప్పుడు సముద్రం వైపే వెళ్ళనివ్వండి, ఎవరు ఆపారు?

ప్రైవేటులో మొదటి జీతాలు చూసి మీరు నిరాశపడే అవకాశముంది. మేత కంపెనీల్లో, రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీల్లో తిరుగుడు ఎక్కువ. రొయ్యల మార్కెట్ కూడా కుదురైనది కాదు, 2025లో అమెరికా సుంకాలు పెంచగానే మన కోస్తా రైతులు ఎంత టెన్షన్ పడ్డారో పేపర్లలో చూసే ఉంటారు. శనక్కాయ ధరతో బతికేవాళ్ళకు ఇది నేను చెప్పాలా! ఉప్పునీళ్ళు వద్దనుకుంటే మంచినీటి చేపలున్నాయి. శ్రీశైలం, గండికోట, మీ దగ్గరి పెన్నహోబిలం రిజర్వాయర్లలో బొచ్చె, శీలవతి పెంచేవాళ్ళకూ ఇదే చదువు పనికొస్తుంది.

పరీక్షలయ్యాక పాపను ఒకసారి ముత్తుకూరు తీసుకెళ్ళండి. కాలేజీ చూపించి, దారిలో ఏదైనా రొయ్యల చెరువు దగ్గర ఆగి, ఆ వాసనలో గంటసేపు నిలబడనివ్వండి. అట్నుంచి అటే కృష్ణపట్నం తీరానికి వెళ్తే సముద్రం మొహం మీరూ చూసినట్టుంటుంది. అన్నట్టు, పాపకు ఈత వచ్చా? రాకపోతే ఈ సెలవుల్లోనే నేర్పించండి, బావిలో నీళ్ళుంటే.