సమాధానం: మార్క్సిస్టులకు సినిమా, రేడియోలతో పనేంటి?

ఫ్యాక్టరీలు, కూలి గురించి రాయాల్సిన ఫ్రాంక్‌ఫర్ట్ మార్క్సిస్టులు (జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ సామాజిక పరిశోధన సంస్థ ఆలోచనాపరులు) సినిమా, రేడియోల మీద పడ్డారేంటి అని అడిగారు కదండీ. వాళ్లలో ముఖ్యులైన అడోర్నో, హోర్క్‌హైమర్‌ల 1947 పుస్తకం ‘డయలెక్టిక్ ఆఫ్ ఎన్‌లైటెన్‌మెంట్’తో మొదలుపెడితే ఎవరికైనా తల తిరుగుతుంది. కాస్త వెనక్కి, 1929కి వెళ్లండి. వాళ్ల పరిశోధన సంస్థ తరఫున మనోవిశ్లేషకుడు ఎరిక్ ఫ్రోమ్ జర్మన్ కార్మికులకు పెద్ద ప్రశ్నావళి పంచాడు. ఓటెవరికి అన్నదే కాదు, ఇంటిని ఎలా అలంకరించుకున్నారు, పిల్లల్ని కొట్టకుండా పెంచగలమా అని కూడా అడిగాడు. వామపక్షానికి ఓటేసేవాళ్లలోనూ పెత్తనాన్ని నమ్మేవాళ్లు కనిపించారు. నాకైతే అసలు ముడి ఇక్కడే ఉందనిపిస్తుంది. వర్గాన్ని బట్టి మనిషి ఆలోచన చెప్పలేనప్పుడు, దాన్ని మలిచేవేంటో వెతకాలి కదా: కుటుంబం, రేడియో, హాలీవుడ్. 1933లో నాజీలు సంస్థను మూసేశాక అది జెనీవాకి, తర్వాత న్యూయార్క్‌కి మారింది. ముందు హోర్క్‌హైమర్ 1937 వ్యాసం ‘సంప్రదాయ, విమర్శనాత్మక సిద్ధాంతం’ చదవండి, వీళ్ల ఆలోచనా ధోరణికి ‘విమర్శనాత్మక సిద్ధాంతం’ అన్న పేరు స్థిరపడింది దానితోనే. అడోర్నో సంగతి తర్వాత చూసుకోవచ్చు, టెన్షన్ వద్దు.