కంపెనీ విలువ, దేశ ఉత్పత్తి: ఒకే తక్కెడలో తూగేవేనా?

ప్రశ్న: కృత్రిమ మేధకు వాడే చిప్పుల అమెరికా కంపెనీ ఎన్విడియా మార్కెట్ విలువ 5 లక్షల కోట్ల డాలర్లకు చేరిందనీ, అది జర్మనీ, జపాన్ ఆర్థిక వ్యవస్థలకన్నా పెద్దదనీ ఎక్కడ చూసినా రాస్తున్నారు. ఒక కంపెనీ నిజంగా ఒక దేశాన్ని మించిపోగలదా? ఈ పోలిక సరికాదని కొందరు అంటున్నారు గాని ఎందుకు సరికాదో వివరించడం లేదు.

జవాబు: మీరు చదివిన అంకెలు సరైనవే. 2025 అక్టోబరులో ఎన్విడియా మార్కెట్ విలువ 5 లక్షల కోట్ల డాలర్లను తాకింది. 2024లో జర్మనీ స్థూల దేశీయోత్పత్తి, అంటే జీడీపీ, సుమారు 4.7 లక్షల కోట్ల డాలర్లు కాగా జపాన్‌ది సుమారు 4 లక్షల కోట్లు. అయితే ఈ రెండు రకాల అంకెలను పక్కపక్కన పెట్టి ఏది పెద్దదో తేల్చడం చెల్లదు. జీడీపీ అనేది ఒక దేశంలో ఒక ఏడాదిలో కొత్తగా ఉత్పత్తయిన సరుకులు, సేవల విలువ. ఏడాది ముగిస్తే ఆ లెక్క ముగిసి, మరుసటి ఏడాది మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మార్కెట్ విలువ ఆ కంపెనీ మొత్తానికి ఇవాళ పలుకుతున్న ధర, అందులో రాబోయే అనేక సంవత్సరాల లాభాల మీద పెట్టుకున్న ఆశ అంతా కలిసి ఉంటుంది. ఒకరి పొలం ధరను మరొకరి ఏడాది పంట రాబడితో పోల్చి, మొదటివారే ఎక్కువ కలిగినవారని తీర్పు చెబితే ఏ రైతూ ఒప్పుకోడు.

పొలం ధరను పొలం ధరతోనే పోల్చాలంటే, కంపెనీ మార్కెట్ విలువకు ఎదురుగా దేశ ప్రజల మొత్తం సంపదను, అంటే ఇళ్లు, భూములు, పొదుపు, వాటాలు అన్నింటినీ కలిపి అప్పులు తీసివేయగా మిగిలినదాన్ని నిలపాలి. అమెరికానే తీసుకుంటే, 2024లో ఆ దేశపు జీడీపీ సుమారు 29 లక్షల కోట్ల డాలర్లయితే, అక్కడి కుటుంబాల నికర సంపద 160 లక్షల కోట్ల డాలర్లకు పైగా ఉంది. అంటే సంపద ఏడాది ఉత్పత్తికి అయిదు రెట్లకన్నా ఎక్కువ. జర్మనీ, జపాన్ వంటి సంపన్న దేశాల్లోనూ సంపద జీడీపీకి అనేక రెట్లు ఉంటుంది కాబట్టి, ఆ లెక్కన చూస్తే ఎన్విడియా ఆ దేశాల దరిదాపుల్లోకి కూడా రాదు.

ఇక మార్కెట్ విలువ ఎలా పుడుతుందో కూడా గమనించండి. చివరిగా చేతులు మారిన షేరు ధరను మొత్తం షేర్ల సంఖ్యతో గుణిస్తే వచ్చేదే ఆ విలువ. 2019 డిసెంబరులో చమురు కంపెనీ సౌదీ అరామ్‌కో తొలిసారి షేర్లు అమ్మినప్పుడు బయటివారికి ఇచ్చింది 1.5 శాతం వాటా మాత్రమే, దానికి వచ్చిన సొమ్ము 2,560 కోట్ల డాలర్లు. ఆ చిన్న ముక్కకు పలికిన ధరనే అమ్మకానికి రాని 98.5 శాతానికీ వర్తింపజేసి కంపెనీ విలువ 1.7 లక్షల కోట్ల డాలర్లని లెక్కగట్టారు. ఆ షేర్లన్నీ ఒకేసారి అమ్మకానికి వస్తే అదే ధర నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. 2025 జనవరి 27న, చైనాకు చెందిన డీప్‌సీక్ తక్కువ ఖర్చుతో కృత్రిమ మేధను తయారు చేసిందన్న వార్తలతో ఎన్విడియా షేరు ఒక్క రోజులో 17 శాతం పడిపోయి, సుమారు 59,000 కోట్ల డాలర్ల మార్కెట్ విలువ తుడిచిపెట్టుకుపోయింది. స్వీడన్ దేశం ఏడాదంతా కష్టపడితే వచ్చే ఉత్పత్తి దాదాపు అంతే ఉంటుంది. ఆ రోజు ఎన్విడియాలో ఒక్క ఇంజినీరు తగ్గలేదు, ఒక్క చిప్పు పాడవలేదు. స్వీడన్ ఉత్పత్తి ఒక్క రోజులో అలా మాయం కావాలంటే దేశమే మిగలకూడదు.

ఎన్విడియా నిజంగా ఏడాదిలో ఎంత సృష్టించిందో చూద్దాం. 2025 జనవరితో ముగిసిన సంవత్సరంలో దాని అమ్మకాలు సుమారు 13,000 కోట్ల డాలర్లు, నికర లాభం సుమారు 7,300 కోట్లు. చిప్పుల తయారీకి ఇతరులకు చెల్లించినదాన్ని తీసివేస్తే మిగిలేది 10,000 కోట్ల డాలర్ల లోపే. జర్మనీ జీడీపీలో అది ఇంచుమించు 2 శాతం. ఆ తర్వాత కంపెనీ అమ్మకాలు వేగంగా పెరిగాయి కనుక ఆ మొత్తాన్ని రెట్టింపు చేసి చూసినా 5 శాతం దాటదు. కొన్ని పదుల వేల మంది ఉద్యోగులతో ఇంత సాధించడం అసాధారణమే, అందులో సందేహం లేదు. కాకపోతే అది జర్మనీ అంత పెద్దది కాదు.

ప్రశ్న: అలాగైతే మార్కెట్ విలువను వదిలేసి కంపెనీ వార్షిక అమ్మకాలను జీడీపీతో పోల్చవచ్చు కదా? రెండూ ఏడాది లెక్కలే గదా?

జవాబు: ఇది మొదటిదానికన్నా మెరుగైన పోలికే గాని, ఇందులో మరో చిక్కు ఉంది. ఒక చొక్కా సంగతి చూడండి. రైతు 100కు పత్తి అమ్మాడు, మిల్లు దాన్ని నూలుగా చేసి 180కి అమ్మింది, ఆ నూలు బట్టగా మారి 300కు, చొక్కాగా కుట్టి 500కు అమ్ముడుపోయింది. నలుగురి అమ్మకాలూ కూడితే 1,080 వస్తుంది. జీడీపీలో చేరేది మాత్రం 500 మాత్రమే, ఎందుకంటే ఒక్కొక్కరూ అదనంగా జోడించిన విలువను మాత్రమే, అంటే 100, 80, 120, 200 చొప్పున లెక్కిస్తారు. అమ్మకాలను జీడీపీతో పోల్చినవారు పత్తి ధరను నాలుగుసార్లు లెక్కించినట్టు అవుతుంది.

దుకాణాల వ్యాపారంలో ఈ తేడా మరీ ఎక్కువ. వాల్‌మార్ట్ అమ్మకాలు 2025 జనవరితో ముగిసిన సంవత్సరంలో సుమారు 68,100 కోట్ల డాలర్లు. ఇది పైన చెప్పిన స్వీడన్ జీడీపీని మించిన మొత్తం. కానీ అందులో సుమారు 51,200 కోట్లు ఇతరుల దగ్గర సరుకు కొనడానికే పోయాయి. మిగిలిన సుమారు 16,900 కోట్లలోంచి కరెంటు, ప్రకటనలు, ఇతరుల నుంచి తీసుకున్న సేవల ఖర్చూ తీసివేయాలి. ప్రపంచంలోని 100 అతిపెద్ద ఆర్థిక వ్యవస్థల్లో 51 కంపెనీలేనని 2000లో ప్రచారమైన లెక్క అమ్మకాల మీద ఆధారపడినదే. ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ 2002లో జోడించిన విలువ ప్రకారం అదే జాబితాను తిరిగి తయారు చేస్తే కంపెనీల సంఖ్య 29కి తగ్గింది. వాటిలో మొదటిదైన చమురు కంపెనీ ఎక్సాన్ మొబిల్‌కు దక్కింది 45వ స్థానం. నా దృష్టిలో 29 కూడా తక్కువేమీ కాదు.

ప్రశ్న: డాలర్లలో పోల్చడం వల్ల తేడా వస్తుందా?

జవాబు: తప్పకుండా వస్తుంది. 2023లో జపాన్ జీడీపీ జర్మనీ కన్నా తగ్గి నాలుగో స్థానానికి దిగడానికి ప్రధాన కారణం యెన్ విలువ పడిపోవడమే. యెన్‌లలో చూస్తే ఆ ఏడాది జపాన్ జీడీపీ పెరిగింది.

ప్రశ్న: మీ లెక్క ప్రకారం పెద్ద కంపెనీల గురించి దేశాలు కంగారు పడనక్కరలేదా?

జవాబు: అలా అనుకోవద్దు. తప్పు కొలతను పక్కన పెడితేనే అసలు ప్రమాదం ఎక్కడుందో కనిపిస్తుంది. 2000లో ఫిన్లాండ్‌కు చెందిన మొబైల్ ఫోన్ల కంపెనీ నోకియా మార్కెట్ విలువ 20,000 కోట్ల యూరోలను దాటింది, అప్పటి ఫిన్లాండ్ జీడీపీ సుమారు 13,600 కోట్ల యూరోలు. కంపెనీ దేశంకన్నా పెద్దదని అప్పుడూ అనిపించింది. కానీ ఫిన్లాండ్ ఉత్పత్తిలో నోకియా జోడించిన వాటా ఇంచుమించు 4 శాతమే. నోకియా మొబైల్ ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్మేందుకు 2013లో కుదిరిన ధర 544 కోట్ల యూరోలు. ఫిన్లాండ్ దేశం మునిగిపోలేదు. అయితే ఆ 4 శాతం కుంగినప్పుడు ఎగుమతులూ, పన్నుల రాబడీ, ఉద్యోగాలూ దెబ్బతిని, దేశం ఏళ్ల తరబడి కోలుకోలేకపోయింది.

ఐర్లండ్ సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. 2015లో ఆ దేశ జీడీపీ దాదాపు 25 శాతం పెరిగినట్టు లెక్క తేలింది. ప్రజల ఆదాయం అలా పెరగలేదు. కొన్ని బహుళజాతి కంపెనీలు తమ పేటెంట్ల వంటి మేధో ఆస్తులను ఐర్లండ్ ఖాతాల్లోకి మార్చుకోవడంతో, వాటి లాభాలు కాగితం మీద ఆ దేశపు ఉత్పత్తిగా కనిపించాయి. దాంతో అక్కడి గణాంక సంస్థ, ఇలాంటి కాగితపు లెక్కల ప్రభావాన్ని చాలావరకు తీసివేసిన ‘సవరించిన స్థూల జాతీయాదాయం’ అనే కొత్త కొలతను 2017 నుంచి ప్రకటించవలసి వచ్చింది. ఇటీవలి సంవత్సరాల్లో అది జీడీపీలో మూడింట రెండు వంతులకన్నా తక్కువే ఉంటోంది. అదే దేశంలో ఆపిల్ 1,300 కోట్ల యూరోల పన్ను బకాయి చెల్లించాలని 2016లో యూరోపియన్ కమిషన్ ఆదేశిస్తే, ఆ సొమ్ము అందుకోవలసిన ఐర్లండ్ ప్రభుత్వమే కంపెనీతో పాటు కోర్టుకెక్కి, ఆపిల్ నుంచి తమకు ఆ బకాయి రావలసిందేమీ లేదని వాదించింది. 2024 సెప్టెంబరులో యూరోపియన్ న్యాయస్థానం తుది తీర్పు ఇచ్చేదాకా ఆ వాదన ఎనిమిదేళ్లు సాగింది.